మొదటి పిస్టల్ కొనే ముందు: అమెరికాలో రేంజ్ షూటింగ్ మొదలుపెట్టే మనవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ పక్కనున్న మా ఊళ్ళో పన్నెండేళ్ళుగా శనివారం పొద్దున్నే రేంజ్‌కి వెళ్తున్నాను. కొత్తగా ఈ సరదా పట్టుకున్న మనవాళ్ళు ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. ఇది కాగితం టార్గెట్ మీద గురిచూసి కొట్టే ఆట గురించి మాత్రమే. ఇంటి రక్షణ, నడుముకి పెట్టుకుని తిరగడం వేరే సంగతులు, వాటికి ఎంచుకునే గన్ కూడా వేరు. నేను లాయర్‌ని కాను. చట్టం గురించి ఇక్కడ రాసింది మీరు జాగ్రత్తపడటానికే. మీ కేసులో ఏ కాస్త మెలిక ఉన్నా ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

అన్నా, నేను హెచ్1బి మీద ఉన్నాను. పిస్టల్ కొనొచ్చా?

ముందు తేల్చుకోవాల్సింది ఇదే, మిగతావన్నీ తర్వాత. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్‌ఇమ్మిగ్రంట్ వీసా మీద వచ్చినవాళ్ళు, అంటే హెచ్1బి, హెచ్4, ఎల్1, ఎఫ్1, బి2 లాంటి వీసాలవాళ్ళు, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. నిషేధం కొనడం మీద ఒక్కటే కాదు, దగ్గర ఉండటం మీద కూడా. 2022లో చట్టం మారాక ఈ నేరానికి శిక్ష 15 ఏళ్ళ దాకా పడొచ్చు. జైలు మాట అటుంచండి. గ్రీన్ కార్డ్ లైన్లో పదేళ్ళుగా నిలబడ్డ మనిషికి ఇలాంటి కేసు ఒక్కటి చాలు, కట్టుకున్నదంతా కూలిపోతుంది.

మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మనలాంటివాళ్ళకి పనికొచ్చేది హంటింగ్ లైసెన్సు. ఇక్కడి ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు మీ దగ్గర ఉంటే ఫెడరల్ నిషేధం మీకు వర్తించదు. కొనేటప్పుడు షాపులో నింపే ఫెడరల్ ఫారం 4473లో వీసా గురించి అడుగుతారు, అక్కడ ఈ లైసెన్సు చూపించాలి. గడువు తీరనిది అన్న మాటని తేలిగ్గా తీసుకోకండి. టెక్సస్‌లో హంటింగ్ లైసెన్సు ఏడాది ఆగస్టు 31తో అయిపోతుంది. సెప్టెంబర్ 1న మీరు దాన్ని రెన్యూ చేయకపోతే, నిన్నటిదాకా సక్రమంగా ఉన్న పిస్టల్ ఇవాళ మీ అల్మారాలో నేరం అయి కూర్చుంటుంది. ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి. రాష్ట్రాల చట్టాలు మళ్ళీ వేరేగా ఉంటాయి, అవి కూడా చూసుకోవాలి.

నా సలహా అడిగితే, గ్రీన్ కార్డ్ వచ్చేదాకా సొంత పిస్టల్ వద్దు. ఆట ఎక్కడికీ పోదు.

రేంజ్‌లో అద్దెకి గన్ ఇస్తున్నారు కదా, వీసా అడగలేదు. అది పర్వాలేదా?

అడగలేదంటే అనుమతి ఉందని కాదు. అద్దె గన్‌కి ఫారం 4473 నింపనక్కర్లేదు కాబట్టి కౌంటర్లో చాలాచోట్ల డ్రైవింగ్ లైసెన్సు చూసి, వేవర్ (ఏదైనా జరిగితే రేంజ్‌ది బాధ్యత కాదనే కాగితం) మీద సంతకం పెట్టించుకుని లేన్‌లోకి పంపేస్తారు. ఆ వేవర్‌లో చిన్న అక్షరాల్లో ‘చట్టప్రకారం తుపాకీ పట్టుకోవడానికి నాకు ఏ అడ్డూ లేదు’ అని మీ చేత రాయించుకునేవాళ్ళూ ఉన్నారు. చదవకుండా సంతకం పెట్టకండి. గన్ చేతిలోకి తీసుకుంటే అది మీ దగ్గర ఉన్నట్టే లెక్క. ఆఫీస్ టీమ్ ఔటింగ్‌కి రేంజ్ పెట్టారని, అందరూ వెళ్తున్నారని మొహమాటపడి వెళ్ళిపోయే కుర్రాళ్ళని చూశాను. ‘నా వీసాకి కుదరదు’ అని చెప్పడంలో చిన్నతనం ఏమీ లేదు.

అమ్మానాన్న ఇండియా నుంచి వచ్చారు. నాన్నగారికి ఒక్కసారి కాల్పించాలని ఉంది.

మీ సంతోషం అర్థమవుతుంది, కానీ వాళ్ళు వచ్చింది బి2 విజిటర్ వీసా మీద. పైన చెప్పిందే వాళ్ళకీ వర్తిస్తుంది. రేంజ్‌కి తీసుకెళ్ళి అద్దం వెనకనుంచి మీ షూటింగ్ చూపించండి. చాలా ఇన్‌డోర్ రేంజ్‌లలో అలాంటి గది ఉంటుంది.

గ్రీన్ కార్డ్ ఉన్న ఫ్రెండ్ తన పేరు మీద కొనిస్తానంటున్నాడు.

వద్దు. వేరేవాళ్ళ కోసం తన పేరు మీద కొనడాన్ని ఇక్కడ స్ట్రా పర్చేజ్ అంటారు. ఫారం 4473లో మొట్టమొదట అడిగేది ‘అసలు కొనుగోలుదారు మీరేనా’ అనే. అక్కడ అబద్ధం రాస్తే ఫ్రెండ్‌కీ కేసు, మీకూ కేసు.

గ్రీన్ కార్డ్ వచ్చింది. ఇక కొనడం ఎలా?

షాపుకి గ్రీన్ కార్డ్, మీ రాష్ట్రం ఇచ్చిన, ఇప్పటి అడ్రస్ ఉన్న ఐడీ తీసుకెళ్ళండి. ఫారం నింపాక ఎఫ్‌బీఐ నడిపే నిక్స్ వ్యవస్థలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ జరుగుతుంది. కొందరికి నిమిషాల్లో అయిపోతుంది, కొందరికి ‘డిలే’ అని వస్తుంది. మన ఇంటిపేర్లు, పేర్లు ముందువెనకలుగా ఉండే కాగితాల వల్ల అలా వస్తే కంగారుపడకండి. హ్యాండ్‌గన్‌ని మీరుండే రాష్ట్రంలోనే తీసుకోవాలి. పక్క రాష్ట్రంలో చవగ్గా దొరికినా, మీ ఊరి డీలర్‌కి పంపించుకుని అక్కడ తీసుకోవాలి.

రాష్ట్రాన్నిబట్టి తతంగం చాలా మారుతుంది. టెక్సస్‌లో కొనడానికి విడిగా పర్మిట్ లేదు. న్యూజెర్సీలో ఒక్కో హ్యాండ్‌గన్‌కి ముందుగా ఒక్కో పర్మిట్ తీసుకోవాలి. ఇల్లినాయిలో ఫోయిడ్ కార్డ్ (తుపాకీ ఉంచుకోవడానికి రాష్ట్రం ఇచ్చే కార్డ్) కావాలి. కాలిఫోర్నియాలో సేఫ్టీ సర్టిఫికెట్ పరీక్ష రాయాలి, కొన్నాక 10 రోజులు ఆగాలి, పైగా రాష్ట్రం జాబితాలో ఉన్న మోడళ్ళే కొత్తవి అమ్ముతారు. న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉండే తమ్ముడు, టెక్సస్ ఫ్రిస్కోలో ఉండే అన్నయ్య చెప్పిన పద్ధతి నమ్ముకుని ముందుకెళ్ళకూడదు.

ఇంకొకటి. గ్రీన్ కార్డ్‌కి ఐ-485 వేసి, ఈఏడీ (పని అనుమతి కార్డ్) చేతికొచ్చినంత మాత్రాన గ్రీన్ కార్డ్ వచ్చినట్టు కాదు. ఆ దశలో లాయర్‌ని అడక్కుండా ఏదీ ముట్టుకోవద్దు.

మొదటిది ఏ కాలిబర్ (తూటా లావు) తీసుకోవాలి? అందరూ 9 ఎంఎం అంటున్నారు.

నేను .22 అంటాను. ఈ పేజీలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటానంటే, ఇదే గుర్తుపెట్టుకోండి.

కారణం చెప్తాను. .22 ఎల్‌ఆర్ తూటాలో ముందుండే సీసం ముక్క బరువు దాదాపు రెండున్నర గ్రాములు. మామూలు 9 ఎంఎంలో అది ఏడున్నర గ్రాములు. 9 ఎంఎం పేలితే గన్ చేతిని వెనక్కి, పైకి తంతుంది, ఎదురుగా మంట మెరుస్తుంది, ఛాతీలోకి దెబ్బ తగిలినట్టు శబ్దం వస్తుంది. మొదటి రెండు మూడు తూటాలకే మన ఒళ్ళు నేర్చేసుకుంటుంది: ‘ఇప్పుడు దెబ్బ పడబోతోంది’ అని. అక్కణ్ణుంచి ట్రిగ్గర్ మీద వేలు కదలగానే కళ్ళు మూసుకుంటాయి, మణికట్టు బిగుసుకుంటుంది, గన్ మూతి కిందకి వంగుతుంది. ఇది మీరు కావాలని చేసేది కాదు, మానేద్దామన్నా మానదు. ఒకసారి పట్టుకున్న ఈ ఉలికిపాటుని వదిలించుకోవడానికి నెలలు పడుతుంది. .22 అలా భయపెట్టదు. పేలినా సైట్లు (గన్ పైన ముందూ వెనకా ఉండే గురి గుర్తులు) కళ్ళముందే ఉంటాయి, ఎక్కడ తగిలిందో, ఎందుకు తగిలిందో ఆలోచించే తీరిక ఉంటుంది.

రెండో కారణం డబ్బు. మా దగ్గర ఈమధ్య 50 తూటాల .22 డబ్బా నాలుగైదు డాలర్లకి దొరుకుతోంది. 9 ఎంఎం డబ్బా పదమూడు నుంచి పద్దెనిమిది దాకా ఉంది. నెలకి రెండుసార్లు వెళ్ళి, వెళ్ళినప్పుడల్లా 150 కాలిస్తే ఏడాదికి 3,600 తూటాలు. అక్కడ మిగిలే డబ్బుతోనే ఏడాది తిరిగేలోపు రెండో పిస్టల్ వచ్చేస్తుంది. షూటింగ్ వచ్చేది గన్ ధరతో కాదు, కాల్చిన తూటాలతో.

.22 అంటే పిల్లల గన్ అని నవ్వుతారేమో?

మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్‌లో వెండి పతకం గెలిచింది, అదే విభాగంలో జట్టుగా బంగారం కూడా తెచ్చింది. ఆ పోటీలో వాడేది .22 తూటానే. ఒలింపిక్స్‌లో 25 మీటర్ల పిస్టల్, ర్యాపిడ్ ఫైర్ రెండూ .22 మీదే నడుస్తాయి. 2012 లండన్‌లో విజయ్ కుమార్ వెండి పతకం గెలిచింది ర్యాపిడ్ ఫైర్‌లోనే.

ఇది చిన్న తూటా కదా అని అజాగ్రత్త మాత్రం కూడదు. మైలు దాటి వెళ్ళగలదు, ప్రాణం తీయగలదు.

మోడల్ పేర్లు చెప్పండి.

రూగర్ మార్క్ 4 నా మొదటి ఎంపిక. రూగర్ కంపెనీ 1949లో మొదలుపెట్టిన పిస్టల్‌కి ఇది నాలుగో తరం, 2016లో వచ్చింది. పాత తరాల్ని విప్పి శుభ్రం చేయడం తలనొప్పి వ్యవహారంగా ఉండేది. దీనికి వెనకవైపు ఒక బటన్ ఉంటుంది, నొక్కగానే పైభాగం పెట్టె మూతలా లేచి చేతికొచ్చేస్తుంది. ఐదున్నర అంగుళాల లావు బ్యారెల్ (గొట్టం) ఉన్న టార్గెట్ మోడల్ కిలో పైనే తూగుతుంది. ఆ బరువే చేతి వణుకుని మింగేస్తుంది. బరువు ఎక్కువనిపిస్తే ఇందులోనే 22/45 అని ప్లాస్టిక్ లాంటి పాలిమర్ గ్రిప్ (పిడి) రకం ఉంది, చాలా తేలిక.

బ్రౌనింగ్ బక్ మార్క్ 1985 నుంచి ఉంది. పెట్టెలోంచి తీసిన రోజే ట్రిగ్గర్ గాజు పుల్ల విరిగినట్టు శుభ్రంగా తెగుతుంది. విప్పడానికి మాత్రం స్క్రూలు తీయాలి. స్మిత్ అండ్ వెసన్ విక్టరీ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది, ఒక్క స్క్రూతో ఊడుతుంది. ముందుముందు 9 ఎంఎం గ్లాక్‌కి వెళ్దామనుకునేవాళ్ళకి గ్లాక్ 44 బాగుంటుంది. అది గ్లాక్ 19 కొలతల్లోనే చేసిన .22. టారస్ టీఎక్స్22 ధర తక్కువ, ఒక మ్యాగజైన్‌లో (తూటాలు నింపి గన్‌లో పెట్టే డబ్బాలో) 16 తూటాలు పడతాయి.

ఇవన్నీ మంచివే. వీటిలో మీ చేతికి ఏది కుదురుతుందో నేను ఇక్కణ్ణుంచి చెప్పలేను.

చేతికి కుదరడం అంటే ఏంటి? ఎలా చూసుకోవాలి?

కాళ్ళకి చెప్పులు చూసుకున్నట్టే. షాపులో ముందు గన్ ఖాళీ అని అమ్మేవాళ్ళు మీకు చూపిస్తారు, మీరూ మళ్ళీ చూసుకోండి. నేలవైపు గానీ, వాళ్ళు చూపించిన దిక్కుకి గానీ పట్టుకోండి.

బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న చర్మం గ్రిప్ వెనక భాగంలో వీలైనంత పైకి ఆనాలి. అలా పట్టుకుని పైనుంచి చూస్తే బ్యారెల్, మణికట్టు, మోచెయ్యి ఒకే గీతలో ఉండాలి. ఇప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ దాకా చాచండి, గోరు వెనకుండే మెత్తటి భాగం మధ్యలో ట్రిగ్గర్ ఆనితే గన్ మీ సైజే. వేలి చివర మాత్రమే అందుతోందంటే గ్రిప్ మీకు లావు. మొదటి కణుపు దాటి మడతలోకి వెళ్ళిపోతోందంటే సన్నం. మార్చుకోగలిగే గ్రిప్ పలకలు కొన్ని మోడళ్ళకి వస్తాయి, అడగండి.

తర్వాత కళ్ళు మూసుకుని గన్‌ని ఎదురుగా చాచండి, కళ్ళు తెరవండి. ముందు సైటు వెనక సైటు గాడిలో ఇంచుమించు కూర్చుని ఉందా? లేక ఎక్కడో పైకో పక్కకో చూస్తోందా? కూర్చుని ఉంటే ఆ గన్ మీతో సహజంగా కలిసినట్టు. మూడు నాలుగు పిస్టళ్ళతో ఇలా చేస్తే తేడా మీకే తెలిసిపోతుంది.

ఆ తర్వాత అదే మోడల్‌ని రేంజ్‌లో అద్దెకి తీసుకుని 50 తూటాలైనా కాల్చి, అప్పుడు కొనండి.

మా ఆవిడకి చిన్నది, తేలికది చూడమంటారా? చేతులు చిన్నవి.

ఈ మాటే ఎక్కువమంది అంటారు. నేనూ అనుకున్నాను, తప్పు చేశాను. మా ఇంట్లో మొదట కొన్నది పర్సులో పట్టే బుల్లి 9 ఎంఎం. ‘ఆడవాళ్ళకి ఇదే బాగుంటుంది’ అని షాపులో చెప్పారు, నేను నమ్మాను. మా ఆవిడ ఆరు తూటాలు కాల్చి దాన్ని బల్లమీద పెట్టేసింది. బొటనవేలి మొదట్లో చర్మం ఎర్రగా కమిలిపోయింది. తర్వాత ఏడాదిన్నర ఆమె రేంజ్ వైపే రాలేదు.

తేలికైన గన్ ఎక్కువ తంతుంది, బరువైన గన్ తక్కువ తంతుంది. ఎందుకంటే అదే తన్నుని మోయాల్సిన ఇనుము తక్కువైతే మిగతాది చెయ్యి మోయాలి. చిన్న గన్‌కి గ్రిప్ పొట్టి కాబట్టి చిటికెనవేలికి చోటుండదు, సైట్ల మధ్య దూరం తక్కువ కాబట్టి చిన్న పొరపాటు కూడా టార్గెట్ మీద పెద్దదైపోతుంది. అవి ఎప్పుడూ దగ్గర పెట్టుకు తిరిగేవాళ్ళ కోసం చేసినవి, నేర్చుకునేవాళ్ళ కోసం కాదు.

చిన్న చేతులకి కావాల్సింది సన్నటి గ్రిప్ ఉన్న పెద్ద గన్. స్లైడ్ (గన్ పైన ముందువెనక్కి జరిగే భాగం) లాగడం కష్టమైతే .22 ఇక్కడా పనికొస్తుంది, దాని స్ప్రింగ్ మెత్తన. ఒక కిటుకు కూడా ఉంది: ఎడమచేత్తో స్లైడ్ వెనక్కి లాగే బదులు, దాన్ని గట్టిగా పట్టుకుని కుడిచేత్తో గన్‌ని ముందుకి తోయండి. మా ఆవిడ ఇప్పుడు బక్ మార్క్‌తో నాకంటే దగ్గరదగ్గరగా కొడుతుంది.

రివాల్వర్ సులువు కదా?

లోడ్ చేయడం, ఖాళీ చేయడం సులువే. కానీ డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్ ఒక్కటే నొక్కి కాల్చేటప్పుడు, ట్రిగ్గర్ చాలా బరువు, కొత్తవాళ్ళకి గురి అక్కడే చెదురుతుంది. వెనకుండే హ్యామర్‌ని (సుత్తి మీటని) ముందే వేలితో వెనక్కి లాగి కాలిస్తే తేలిక. స్మిత్ అండ్ వెసన్ 617 లాంటి .22 రివాల్వర్ దొరికితే ఆనందంగా కాల్చుకోవచ్చు, ధరే ఎక్కువ.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

కొనొచ్చు, డీలర్ ద్వారా కొనండి. సీరియల్ నంబర్ మీద కంపెనీ రీకాల్ ఉందేమో చూసుకోండి. ఉదాహరణకి 2017 జూన్‌కి ముందు తయారైన రూగర్ మార్క్ 4లను సేఫ్టీ లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేసింది. సేఫ్టీ మీట సగంలో ఆగినప్పుడు ట్రిగ్గర్ నొక్కి వదిలేస్తే, తర్వాత మీటని ‘ఫైర్’ వైపు జరపగానే పేలే ప్రమాదం ఉండేది. మీరు చూసే గన్‌కి ఆ మరమ్మతు జరిగిందో లేదో కంపెనీ వాళ్ళని అడిగి తెలుసుకోవచ్చు.

మొత్తం ఎంతవుతుంది?

గన్ ధర చూసి బడ్జెట్ వేసుకుంటే దెబ్బతింటారు. నేను చెప్పే వరుస ఇది: ముందు తాళం పెట్టె, తర్వాత చెవులకి మంచి మఫ్స్, కళ్ళద్దాలు, తర్వాత ఒకరోజు బిగినర్ క్లాస్, ఆ తర్వాతే గన్. క్లాస్ డబ్బు దండగ అనుకోకండి. యూట్యూబ్‌లో వంద వీడియోలు చూసినవాడికి కూడా, పక్కన నిలబడి మణికట్టు పట్టుకుని సరిచేసే మనిషి కావాలి.

నావి అన్నీ టార్గెట్ మీద ఎడమవైపు కిందకి పడుతున్నాయి. సైట్లు పాడయ్యాయా?

కుడిచేతివాటం వాళ్ళు చాలామంది మొదట్లో ఇలాగే కొడతారు. సైట్లు ముట్టుకోకండి. పైన చెప్పిన ఉలికిపాటు ఇదే.

ఒక పరీక్ష చెప్తాను. డమ్మీ తూటాలని దొరుకుతాయి, పేలవు. మీ స్నేహితుణ్ణి మీకు కనబడకుండా మ్యాగజైన్ నింపమనండి, అసలు తూటాల మధ్య రెండు మూడు డమ్మీలు కలిపి. మీరు మామూలుగా కాల్చండి. డమ్మీ వచ్చినప్పుడు ‘టిక్’ అంటుంది, పేలదు. ఆ క్షణంలో గన్ మూతి ఏం చేసిందో చూడండి. ముందు సైటు ఎవరో లాగినట్టు అంగుళం కిందకి కుంగుతుంది. మొదటిసారి దాన్ని చూసి మా తమ్ముడు గన్ కింద పెట్టి చేతులు చూసుకున్నాడు. ‘నేనేనా అలా చేసింది’ అన్నాడు. అవును, పేలినప్పుడల్లా అదే చేస్తున్నాడు, చప్పుడులో కనబడలేదంతే. ఆరోజు 40 కాల్చాడు, చివరి పదిలో సైటు కదల్లేదు, టార్గెట్ మీద చిల్లులన్నీ అరచేతంత చోట్లోకి వచ్చేశాయి.

ట్రిగ్గర్ నొక్కితే పేలలేదు. ఏం చేయాలి?

గన్ మూతి టార్గెట్ వైపే ఉంచి 30 సెకన్లు ఆగండి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది. గన్ తిప్పి లోపలికి చూడటం, పక్కవాళ్ళకి చూపించడానికి వెనక్కి తిరగడం, ఈ రెండూ ప్రాణాంతకం. ఆగాక మ్యాగజైన్ తీసి, స్లైడ్ లాగి ఆ తూటాని బయటపడేసి, రేంజ్‌లో పేలని తూటాలకి పెట్టిన డబ్బాలో వేయండి. .22లో ఇలాంటివి కాస్త ఎక్కువే వస్తాయి, దాని మందు అంచులో ఉండే తయారీ అలాంటిది.

‘టప్’ మని చప్పుడు మరీ నీరసంగా వస్తే అస్సలు రెండోది కాల్చకండి. తూటా బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి.

ఏం వేసుకుని వెళ్ళాలి?

మెడ దాకా మూసుండే టీషర్ట్, కాళ్ళు మూసే బూట్లు, టోపీ. కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు కాలుతూ ఎగిరి వచ్చి మెడలోంచి లోపల పడతాయి. అప్పుడు మనిషి గన్ చేతిలో ఉందన్న సంగతి మర్చిపోయి గింగిరాలు తిరుగుతాడు, అసలు ప్రమాదం కాలడం కాదు, అది. మెడ వెడల్పున్న కుర్తీలు, చున్నీలు ఆరోజుకి వద్దు.

చెవుల విషయంలో రాజీ వద్దు. 140 డెసిబెల్స్ దాటిన శబ్దం ఒక్కసారికే వినికిడిని దెబ్బతీయగలదు, పిస్టళ్ళన్నీ, .22తో సహా, దాన్ని దాటేవే. ఇన్‌డోర్ రేంజ్‌లో లోపల ఫోమ్ ప్లగ్‌లు, పైన మఫ్స్, రెండూ పెట్టుకోండి. పోయిన వినికిడి మళ్ళీ రాదు.

సీసం గురించి భయపడాలా? ఇంట్లో చంటిపాప ఉంది.

భయం అక్కర్లేదు, శుభ్రత కావాలి. తూటాలోనూ, దాన్ని వెలిగించే మందులోనూ సీసం ఉంటుంది. అది చేతులకి, బట్టలకి, బూట్లకి అంటుకుని ఇంటికొస్తుంది. రేంజ్‌లో ఏమీ తినకండి, తాగకండి, మొహం ముట్టుకోకండి. బయటికి రాగానే చల్లటి నీళ్ళతో సబ్బు పెట్టి కడుక్కోండి. బూట్లు గరాజ్‌లోనే విప్పి, బట్టలు విడిగా ఉతికి, స్నానం చేసి అప్పుడు పాపని ఎత్తుకోండి. మన ఇళ్ళలో బయట తిరిగి వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చే అలవాటుందే, అదే ఇక్కడా. గర్భిణులు రేంజ్‌కి వెళ్ళకపోవడమే మంచిది.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మా పిల్లలు చెప్పిన మాట వింటారు.

పిల్లలు వింటారు. వాళ్ళ స్నేహితులు? బర్త్‌డేకి, వ్రతానికి వచ్చిన ఇరవై కుటుంబాల పిల్లలు మేడమీద గదుల్లో ఆడుకుంటుంటే ఏ అల్మారా ఎవరు తెరుస్తారో మీకు తెలుస్తుందా?

చీరల కింద, బీరువా పైన, దిండు కింద దాచడం దాచడం కాదు. గోడకో నేలకో బిగించిన ఉక్కు పెట్టె, దాని తాళం లేదా కోడ్ మీ ఒక్కరి దగ్గరే. గన్ ఖాళీగా, తూటాలు వేరే పెట్టెలో. టెక్సస్‌లో 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేస్తే అదే నేరం. ఇంట్లో బి2 మీద వచ్చిన అత్తమామలు, హెచ్4 మీద ఉన్న మరదలు ఉంటే కోడ్ వాళ్ళకి కూడా చెప్పకండి, చట్టం కోసమే.

ఇంకో మాట, ఇది మొహమాటం లేకుండా చెప్పాలి. అమెరికాలో తుపాకీ వల్ల పోయే ప్రాణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఉద్యోగం పోయి, వీసా గడువు దగ్గరపడి, ఒంటరిగా గదిలో ఉండే కుర్రాళ్ళు మనలో ఎంతోమంది ఉన్నారు. మీకు గానీ, ఇంట్లో ఇంకెవరికి గానీ మనసు బాగాలేని రోజులు నడుస్తుంటే ఇంటికి గన్ తేవద్దు. ఉన్నదాన్ని చట్టప్రకారం వేరేచోట భద్రపరచండి, కొన్ని రేంజ్‌లు, షాపులు ఈ పని చేసిపెడతాయి. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినవాళ్ళకి సాయం చేసే 988 హెల్ప్‌లైన్‌కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు.

దసరాకి ఆయుధ పూజలో పెట్టొచ్చా?

పెట్టుకోండి, నేనూ పెడతాను. ముందురోజే శుభ్రం చేసి, మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ వెనక్కి తెరిచి లాక్ చేసి, చాంబర్‌లోకి (తూటా కూర్చునే చోటులోకి) వేలు పెట్టి ఖాళీ అని చూసుకుని అప్పుడు పీట మీద పెట్టండి. ఒక్క తూటా కూడా ఆ గదిలో ఉండకూడదు. మూతి గోడవైపు. పసుపు, కుంకుమ, అక్షింతలు గన్ మీద వేయకండి, పొడి లోపలికి పోయి నూనెతో ముద్ద కడుతుంది. కింద పరిచిన గుడ్డకి బొట్టు పెట్టండి, చాలు. హారతి అయ్యేదాకా మీరు అక్కడే ఉండండి, ప్రసాదం పంచడానికి వంటింట్లోకి వెళ్ళాల్సివస్తే ముందు గన్ పెట్టెలోకి వెళ్ళాలి.

ఇండియా వెళ్ళిపోతున్నాను. వెంట తీసుకెళ్ళొచ్చా?

లేదు. అక్కడి లైసెన్సు లేకుండా కుదరదు, ఇక్కడి కాగితాలు అక్కడ చెల్లవు. వెళ్ళేముందే డీలర్‌కి అమ్మేయండి. హైదరాబాద్‌లో ఆట కొనసాగించాలంటే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ ఉంది. .177 బోరు, 20 జౌల్స్ లోపు ఉన్న ఎయిర్ గన్‌లకి మన దేశంలో ఆయుధ లైసెన్సు అక్కర్లేదు.

దీనికంటే ముఖ్యమైనది తూటాల సంగతి. 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేకుండా ఒక్క తూటా దగ్గర దొరికినా కేసే. శంషాబాద్‌లో స్కానర్ కింద బ్యాగ్ ఆగిపోయి, అందులోంచి ఒక తూటా బయటపడి, ప్రయాణం అక్కడే తెగిపోయిన కథ మన వార్తల్లో కొత్తేమీ కాదు. .22 తూటా వేలి మొదటి కణుపంత ఉంటుంది, సూట్‌కేస్ లోపలి గుడ్డ కుట్టు ఊడిన చోట దూరిపోతే చేత్తో తడిమినా దొరకదు. అందుకే రేంజ్‌కి వాడిన బ్యాగ్‌ని, లాప్‌టాప్ బ్యాగైనా, జిమ్ బ్యాగైనా, ఎప్పుడూ ఎయిర్‌పోర్ట్‌కి వాడకండి. రేంజ్ బ్యాగ్‌గా ఎర్రదో పచ్చదో, ఇంట్లో ఇంకే బ్యాగ్‌కీ లేని రంగుది ఒకటి కొనుక్కుని దానికే కేటాయించండి. రేంజ్‌కి వేసుకునే జాకెట్ జేబులు కూడా ప్రయాణానికి ముందు తిరగేసి చూసుకోండి.